గోడ మీది లకుముకి

నా కూతురు నన్ను ఒక్క మాట అడక్కుండా ఇంట్లో పెట్టెలో ఉన్న బొమ్మను తీసుకెళ్లి బయటివాళ్ల చేతిలో పెట్టింది. ఇది జరిగిన పని. దీని మీద వాదన లేదు. తర్వాత ఎవరెవరు ఎన్ని రకాలుగా నచ్చజెప్పినా మొదటి తప్పు అక్కడే జరిగింది.

నేను గోడల మీద బొమ్మలూ అక్షరాలూ రాసే పెయింటరుని. ఊరి బడిలో ఏడు దాకా చదివాను. అక్షరం గుండ్రంగా రాయడం అక్కడ వచ్చింది, మిగతాది గోడలు నేర్పాయి. ఫుట్‌బాల్ గ్రౌండు గేటుకు కుడి పక్క గోడ మీద మనిషెత్తు లకుముకి పిట్ట ఉంది, ముక్కున చేప పట్టుకుని. అది వేసింది నేను. పంతొమ్మిదేళ్ల కిందట. ఆ గోడ చూసే చొక్కాల మీద కుట్టారు, మఫ్లర్ల మీద అల్లారు, జెండాల మీద అచ్చేశారు. జట్టు పేరు ఎవరూ అనరు. పిట్ట గెలిచిందా, పిట్ట ఓడిందా అనే అడుగుతారు.

ఆ పిట్ట తోక గేటు వైపు, ముక్కు రోడ్డు వైపు. ఎందుకలా అంటే బడి పిల్లలు కూడా చెబుతారు, ఎదుటి జట్టు బస్సు వచ్చే దారి కాస్తోందని. ఆ జవాబు కూడా నేను చెప్పిందే.

నా భార్య పోయి అప్పటికి పద్నాలుగు నెలలు. సీజన్ ఇంకో మూడు వారాల్లో మొదలవుతుందనగా, వాన పడుతున్న ఒక ఉదయం, బస్టాపులో కొత్త పోస్టరు కనబడింది. నా చేతిలో రెండు రంగు డబ్బాలు, చంకలో కుంచెల సంచి. పక్కన డ్రమ్ము నిలబడి ఉన్నాడు. వాడు పగలు టైర్లకు పంక్చర్లు వేస్తాడు, ఆట రోజున తూర్పు గ్యాలరీలో డ్రమ్ము వాయిస్తాడు. వాడి అసలు పేరు వాళ్లమ్మకైనా గుర్తుందో లేదో.

"బాబాయ్, చూశావా? మన పిట్టని ఇస్త్రీ చేసి తగిలించారు."

"ఏదిరా?"

"అదిగో. కొత్త లోగో అట. ఈ సీజన్ నుంచి చొక్కాల మీద ఇదే."

చూశాను. నీలం, నారింజ, తెలుపు. ఈకలు లేవు. రెండు వంపులు, ఒక ముక్కు, ఒక చేప.

"పిట్టలా ఉందా అది? స్టేప్లర్‌లా ఉంది," అన్నాడు డ్రమ్ము. "పైగా మొహం తిప్పేశారు. మనది కుడికి చూస్తుంది, ఇది ఎడమకి. మెడ పట్టేసిందేమో పాపం."

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. నేను దాని కన్ను చూస్తున్నాను.

కంతల్లోంచి గోడకు రంగు దించే అచ్చు, అదే స్టెన్సిల్, కోసేవాళ్లకు ఒక చిక్కు ఉంటుంది. కన్ను చుట్టూ కోస్తే మధ్యలో గుడ్డు రాలిపోతుంది. రాలకుండా సన్నని పట్టీ ఒకటి వదలాలి. గోడ మీద రంగు వేశాక ఆ పట్టీ చోటును కుంచెతో పూడ్చేస్తాం. కాగితం మీద అచ్చు వేసేవాళ్లకు పట్టీతో పనిలేదు. కానీ పోస్టరు మీది పిట్ట కంట్లో పట్టీ ఉంది. నిటారుగా కాదు, కొంచెం ఏటవాలుగా, రెప్ప వాల్చినట్టు. అలా కోసిన చేయి ఒక్కటే. నా భార్యది. ఆమె ఆసుపత్రిలో ఆయా. పారేసే ఎక్స్-రే ఫిల్ములు ఆరు తెచ్చి, టేపుతో అతికించి, బ్లేడుతో కోసింది. ఆ పట్టీ గోడ మీద లేదు, పంతొమ్మిదేళ్ల కిందటే పూడ్చేశాను. అంటే ఈ బొమ్మ గీసినవాళ్లు గోడ చూసి గీయలేదు. మా ఇంట్లో పెట్టెలో ఉన్నదాన్ని చూసి గీశారు.

"బాబాయ్, బస్సు పోయింది."

"పోనీ."

ఇంట్లో ఉండేది నేనూ నా కూతురూ. అమ్మాయి క్లబ్బులోనే పనిచేసేది, తూర్పు గ్యాలరీ కింద చొక్కాలూ మఫ్లర్లూ అమ్మే కౌంటరులో. ఆ నెలంతా తన తీరు నాకు నచ్చలేదు. ఫోను మోగితే బాల్కనీలోకి పోయి మాట్లాడేది. ఎవరని అడిగితే "ఆఫీసు" అనేది. ఆఫీసువాళ్లతో అంత మెల్లగా మాట్లాడే పనేముంటుంది? ఒకరోజు కళ్లజోడు పెట్టుకున్న అమ్మాయి ఒకతె మా మెట్లు దిగుతూ ఎదురైంది. చేతిలో పెద్ద అట్ట ఫైలు. "బాగున్నారా అంకుల్" అంది. నేను ఆమెకు ఏ వరసా కాను. ఫైల్లో ఏముందని అడిగితే బాగుండదని ఊరుకున్నాను. ఊరుకోవడం నా తప్పు.

మంచం కింద నుంచి నా భార్య పెట్టె బయటికి లాగాను. తాళంచెవి గోడ మేకుకే ఉంది. తాళం ఒక్క తిప్పుకే ఊడింది. పద్నాలుగు నెలలుగా తీయని తాళం అంత తేలిగ్గా ఊడదు. వేలితో రాసి చూశాను. నూనె. లోపల బట్టలున్నాయి, ఆసుపత్రి కార్డు ఉంది, విరిగిన గడియారం ఉంది. ఆమె గీసుకున్న బొమ్మల పుస్తకం లేదు. స్టెన్సిల్ లేదు.

అమ్మాయి వచ్చేదాకా ఆ పెట్టె పక్కనే కూర్చున్నాను.

"ఇది ఎవరు తీశారు?"

చెప్పులు విప్పుతున్నదల్లా ఆగింది. "నేనే."

"పుస్తకం?"

"ఇచ్చాను నాన్నా. క్లబ్బుకి బొమ్మ గీసే ఆవిడకి. చూసుకుని తిరిగి ఇచ్చేస్తుంది."

"స్టెన్సిల్?"

"అదీ ఇచ్చాను."

"ఎవరిని అడిగి?"

"అడిగితే ఒప్పుకునేవాడివా?"

"ఒప్పుకోను."

"అందుకే అడగలేదు."

ఈ రకం జవాబులు తనకు నా దగ్గర్నుంచి రాలేదు.

"అమ్మ పేరు వేస్తారు నాన్నా. గేటు పక్కన ఇత్తడి రేకు పెడతారు, ఈ పిట్టను గీసింది ఫలానా అని. ఇన్నేళ్లలో ఎక్కడైనా ఒక్కచోట అమ్మ పేరు ఉందా?"

"పేరు వేస్తామని ఎవరైనా అంటారు. సరుకు చేతిలో పడేదాకా."

"కాగితం మీద రాసి ఇచ్చారు."

"పిట్టని ఎందుకు తిప్పారు?"

తను చెప్పులు గోడ వారగా పెట్టింది.

"నిన్నే. గోడ మీద అటు చూస్తుంటే ఇటు ఎందుకు తిప్పారు?"

"టీ పెట్టనా?"

"ఎవరూ గుర్తుపట్టకూడదని తిప్పారు. ఎత్తుకుపోయిన సైకిలుకి రంగు మార్చినట్టు. అంతేనా?"

తను నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఏదో చెప్పబోయి మింగేసింది.

"అలాగే అనుకో," అని వంటగదిలోకి వెళ్లింది.

నిజం చేతిలో ఉన్నవాళ్లు అలా అనరు. అప్పుడు నాకు అలాగే తోచింది.

తొలి ఆటకు వారం ముందు క్లబ్బు హాల్లో అందరినీ పిలిచి కొత్త బొమ్మ చూపించారు. కుర్చీలు చాలక జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. తడి గొడుగుల నుంచి నీళ్లు కారి నేలంతా చిత్తడి. కళ్లజోడమ్మాయి తెర పక్కన నిలబడి మాట్లాడింది. పక్కనే మూలన నా కూతురు, చేతులు కట్టుకుని.

మంచి గొంతే. తడబడలేదు. గోడ మీద దూరం నుంచి కనబడాల్సిన బొమ్మ వేరు, ఫోనులో గోరంత కనబడాల్సిన బొమ్మ వేరు అని చెప్పింది. అందుకే ఈకలు తీసేశానంది. అది నాకూ తెలిసిన సంగతే. ఆ తర్వాత అంది, "ముక్కున చేప పట్టుకున్న పిట్ట కాపలా కాయదండీ. గూటికి వెళ్తుంది. ఈ పిట్ట గ్రౌండు లోపలికి వెళ్తోంది, మీతో పాటు."

"మేడం," డ్రమ్ము లేచాడు, "మీరు ఎప్పుడైనా మూడు గోల్సు తేడాతో ఓడి ఇంటికెళ్లారా? గూటికి ఏ మొహం పెట్టుకుని వెళ్తుందండీ అది?"

హాలు గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది. నవ్వుతో పని జరిగిపోయేలా ఉందని నేను లేచాను.

"ఆ కంట్లో పట్టీ ఎక్కడిది?"

నవ్వు ఆగింది. ఆమె తెర వైపు చూసింది. "అసలు బొమ్మలో ఉందండీ. అందంగా ఉందని ఉంచాను."

"ఏ అసలు బొమ్మ? గోడ మీద లేదే అది. స్టెన్సిల్ చూసినవాళ్లకే తెలుస్తుంది. మా ఇంటి పెట్టెలో ఉన్న స్టెన్సిల్." వేలు చూపించాను. "నా పిట్టని ఎత్తుకొచ్చి, మొహం తిప్పి, నాకే చూపిస్తున్నారు."

హాలు ఒక్కసారి లేచింది. కళ్లజోడమ్మాయి మొహం ఎర్రబడింది. "మీ పిట్ట కాదు అంకుల్. అసలు మీరే దాన్ని..."

నా కూతురు ఆమె మణికట్టు పట్టుకుంది. గట్టిగా. ఆ అమ్మాయి ఆగిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నా కూతురు తల అడ్డంగా ఊపింది. కళ్లజోడమ్మాయి కుర్చీలో కూలబడింది.

తోడుదొంగలు ఒకరి నోరు ఒకరు మూస్తారు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

నా పిట్ట అన్నాను. నా భార్యది అనలేదు. హాలు నిండా చప్పట్లు మోగుతున్నప్పుడు ఆ తేడా ఎవరికీ పట్టలేదు. ఒక్కరికి పట్టిందేమో. మూలకు చూశాను. అప్పటికి మూల ఖాళీ.

తర్వాతి ఆరు వారాలు నా జన్మలో ఎరగని మర్యాద చూశాను. టీ కొట్టులో నేను వెళ్తే బెంచీ ఖాళీ అయ్యేది. ముక్కూమొహం తెలియనివాళ్లు బాబాయ్ అని పిలిచేవాళ్లు. అందరూ ఇంత మంచివాళ్లు ఎప్పుడయ్యారని అనుమానం రాకపోలేదు. మా ఆవిడ పోయినప్పుడు మా మెట్లెక్కినవాళ్లు ఏడుగురు.

డ్రమ్ము టైర్ల షెడ్డులో పెద్ద గుడ్డ పరిచాం. ముప్పై ఆరు అడుగుల పొడవు. గళ్లు గీసి, గోడ మీది పిట్టను గుడ్డ మీదికి పెంచాను. పదిమంది మోకాళ్ల మీద పాకుతూ నేను చెప్పిన గడిలో చెప్పిన రంగు నింపారు.

"బాబాయ్, నాకు తోకే వచ్చింది. ముక్కు దగ్గర చోటివ్వు."

"నీ పనితనానికి తోకే ఎక్కువరా."

"ఒరేయ్, చేప కంట్లో మోకాలు పెట్టావు. గుడ్డిదైపోయింది చూడు."

"చచ్చిన చేపకి కళ్లెందుకురా?"

కింద అక్షరాలు నేనే రాశాను. మా పిట్టను తిప్పకండి. అడుగున్నర అక్షరాలు. ఒక్క గీత వంకర పోలేదు.

ఆ ఆలోచన డ్రమ్ముదే. తర్వాతి ఆట రోజు, విజిల్ ఊదగానే, తూర్పు గ్యాలరీ మొత్తం మైదానానికి వీపు తిప్పి నిలబడాలి. మన పిట్టలాగే, పంతొమ్మిది నిమిషాలు, ఏడాదికి ఒక నిమిషం. పాట లేదు, డ్రమ్ము లేదు. మూడు వేల మంది అలాగే నిలబడ్డారు. వెనక ఎవరో బంతిని తన్నుతున్న చప్పుడు, ఆటగాళ్ల అరుపులు. నేను గ్యాలరీ పై మెట్టు మీద ఉన్నాను. వీపు తిప్పితే కింద కౌంటరు కనబడుతుంది. నా కూతురు ఆ బల్ల వెనక నిలబడి ఉంది. ఆ మూడు వేల మందిలో తను చూస్తున్నది నన్నే.

ఎవరో కుర్రాళ్లు నలుగురు కౌంటరు దగ్గరికి వెళ్లారు. కొత్త గుర్తున్న మఫ్లర్లు బల్ల మీదికి విసిరారు.

"మీ స్టేప్లర్ మీరే ఉంచుకోండి."

"కన్నతండ్రి బొమ్మే అమ్ముకుంది. మనకి మఫ్లర్లు అమ్మడం ఓ లెక్కా?"

అంతా నిశ్శబ్దం కదా, ప్రతి మాటా పైదాకా వినబడింది. జనం నా వైపు చూశారు, ఏమంటానోనని. నేను ఏమీ అనలేదు. అమ్మాయి ఆ మఫ్లర్లను ఒక్కొక్కటీ దులిపి, మడిచి, దొంతర పెట్టింది. పంతొమ్మిది నిమిషాలూ అదే పని.

ఇంట్లో మాటలు అప్పటికే తగ్గిపోయాయి. ఆ రోజు నుంచి ఒకరు తిన్నాక ఒకరం తినేవాళ్లం.

ఇంకో రెండు ఆటలకు క్లబ్బు దిగొచ్చింది. సెక్రటరీ స్వయంగా వచ్చి, నేను ఏదో షాపు గోడ రాస్తుంటే నిచ్చెన కింద నిలబడి చెప్పాడు. కొత్త గుర్తు వెనక్కి తీసుకుంటున్నారట. పాత పిట్టే ఉంటుందట. సీజన్ చివరి ఆట రోజు గోడ దగ్గర ఇత్తడి రేకు పెడతారట.

"ఎవరి పేరుతో?" అని అడిగాను.

"ఇంకెవరి పేరు? నీ పేరే. బాబాయ్ పిట్ట అనే కదా అందరూ అంటున్నారు."

"సరే," అన్నాను. అక్షరం పూర్తి చేశాను.

నాలుగు రోజులకు కళ్లజోడమ్మాయి మా ఇంటికి వచ్చింది. గడప దాటనివ్వలేదు. అదే అట్ట ఫైలు చేతిలో ఉంది.

"ఇవి మీ ఇంటివి అంకుల్."

"అన్నీ ఉన్నాయా?"

"చూసుకోండి."

"చూసుకుంటాను."

వెళ్లలేదు. మెట్టు మీదే నిలబడింది. "ఒక మాట చెప్పాలని ఉంది. చెప్పనని మీ అమ్మాయికి మాటిచ్చాను."

"మాటలు ఇచ్చిపుచ్చుకోవడం మీ ఇద్దరికీ బాగా అలవాటే."

కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంది. "పన్నెండు క్లబ్బులకి బొమ్మలు గీశాను నేను. ఇంత మంచి గీత ఎక్కడా చూడలేదు. ఆ చేయి ఎవరిదో వాళ్ల పేరు పెట్టాలనుకున్నాం. అంతే అంకుల్, ఇంకేం లేదు."

ఆమె వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూశాను. తర్వాత తలుపు గడియ పెట్టి సోదా మొదలుపెట్టాను. పుస్తకంలో పేజీలు చింపిన ఆనవాలు ఉందేమో వెన్ను పొడుగునా వేలితో తడిమాను. లేదు. పిట్ట గీసిన పేజీ ఉంది. ఆ పేజీ నేనెప్పుడూ తీరిగ్గా చూసింది లేదు. స్టెన్సిల్ చేతికిస్తే గోడకు వేశాను, అంతే. పిట్ట పక్కన గేటు కూడా గీసి ఉంది. పిట్ట ముక్కు గేటు వైపుకే ఉంది.

ఇది కూడా వాళ్లే గీసి పెట్టి ఉంటారనుకున్నాను. పెన్సిలు గీత మీద ఉమ్మి తడి రాసి చూశాను. పాత గీతే. కాగితంలోకి దిగిపోయి ఉంది.

స్టెన్సిల్ తీసి మడతలు విప్పాను. ఎక్కడైనా తెగిందేమో చూద్దామని కిటికీ అద్దానికి ఆనించాను. ఒకవైపు నీలం, నారింజ రంగు గట్టిపడి, టేపు మీద పొలుసుల్లా లేచి ఉంది. అది నాకు తెలిసిన వైపు. రెండో వైపు తిప్పాను. ఇటు నున్నగా, శుభ్రంగా ఉంది. ఫిల్ము మీద ఎవరివో పక్కటెముకల నీడ. కింది మూలన సూదితో గీసిన అక్షరాలు, వెలుతురుకు పెడితే తప్ప కనబడనంత సన్నగా.

ఈ వైపు పైకి. ముక్కు గేటు వైపు.

తలకట్లు వంకర. నా భార్య చేతిరాతే.

అతుకులున్న వైపు గోడకు ఆనిస్తే టేపు అంచుల సందుల్లోంచి రంగు లోపలికి పాకుతుంది. అందుకని నున్నటి వైపే గోడకు ఆనించాలి. పని నేర్చిన ఎవరైనా అలాగే చేస్తారు. కళ్లు మూసుకుని చేస్తారు. ఆమె పని నేర్చినది కాదు. అతుకులు గోడకు పోవాలి, అందమైన వైపు పైకి ఉండాలి అనుకుంది. నేను స్టెన్సిల్ అందుకోగానే చేతి అలవాటుకొద్దీ తిరగేసి గోడకు కొట్టాను. పిట్ట కూడా తిరిగింది.

పంతొమ్మిదేళ్ల కిందటి ఆ రోజు సాయంత్రం తొలి ఆట. నాకు తొందర. మధ్యాహ్నం ఆమె భోజనం డబ్బా తెచ్చేసరికి రంగు ఆరిపోయింది. అప్పటి సెక్రటరీ, ఇంకో పదిమంది పెద్దలు గోడ ముందు నిలబడి ఉన్నారు. తోక గేటు వైపు ఉందేమయ్యా అని ఆయన అడిగితే, నిచ్చెన మీద నుంచి నేను, ఎదుటి జట్టు వచ్చే దారి కాస్తోందండీ అన్నాను. అప్పటికప్పుడు నోటికొచ్చింది. అందరూ భలే అన్నారు. కింద నిచ్చెన పట్టుకుని ఉన్నది ఆమె. గోడను చాలాసేపు చూసింది.

"రంగు బాగా పట్టింది," అంది.

ఆసుపత్రికి దారి ఆ గోడ ముందు నుంచే. పదిహేడేళ్లకు పైగా, రోజుకు రెండుసార్లు ఆ పిట్టను చూస్తూ నడిచింది. ఒక్కసారి చెప్పి ఉంటే ఒక పూటలో సున్నం కొట్టి మళ్లీ వేసేవాణ్ణి. చెప్పలేదు. నేను అంత కానివాణ్ణా?

ఫైలు పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి మేకుకు తగిలించలేదు, జేబులో వేసుకున్నాను. తర్వాత పనికి వెళ్లాను. ఒక మెకానిక్ షెడ్డు షట్టరు మీద అక్షరాలు రాయాలి. తిన్నగానే రాశాను.

చివరి ఆటకు ముందు రోజు అమ్మాయి తన బట్టలు సర్దుకుంటూ చెప్పింది. "కౌంటరు మానేశాను. కళ్లజోడావిడ వాళ్ల ఊళ్లో ఒక అచ్చు ప్రెస్సులో పని చూసింది. రేపు మధ్యాహ్నం బస్సు."

"ఆవిడే చూసిందా?"

"ఆవిడే."

"మంచిది."

స్టెన్సిల్ చూశానని అప్పుడు చెప్పి ఉండొచ్చు. తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. తను ఒక చొక్కా మడిచి, బాగా రాలేదని విప్పి మళ్లీ మడిచింది. నాకోసమే ఆలస్యం చేస్తోందని తెలుస్తూనే ఉంది. నేను మంచినీళ్లు తాగి వెళ్లిపోయాను.

మర్నాడు గోడ దగ్గర ఐదారు వందల మంది. గోడకు ఇత్తడి రేకు బిగించి పైన నీలం గుడ్డ కప్పారు. సెక్రటరీ గుడ్డ లాగాడు. నా పేరు. కింద చిన్న అక్షరాల్లో, ఈ పిట్టను సృష్టించిన కళాకారుడు. చెక్కినవాడికి పని తెలుసు, అక్షరాల మధ్య ఎడం సరిగ్గా ఉంది.

డ్రమ్ము నా భుజం మీద చేయి వేశాడు. "బాబాయ్, రెండు ముక్కలు చెప్పు. ఈ పిట్ట ఎలా పుట్టింది? ఎందుకు అటు తిరిగింది? నీ నోటితో చెప్పు."

జనం చప్పుడు ఆపారు. నా కూతురు రోడ్డుకు అవతలి వైపు ఉంది, కాళ్ల దగ్గర సంచీ. బస్టాపు అటే. నా వైపే చూస్తోంది. చూపులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

నాకు ఆమె పేరు నోటిదాకా వచ్చింది. నా భార్య పేరు. మూడు అక్షరాలు. ఎంతసేపు పడుతుంది?

"బాబాయ్‌కి మాట పెగలట్లేదురా," అన్నాడు డ్రమ్ము. "నేను చెబుతా వినండి. ఎదుటి జట్టు వచ్చే దారి కాస్తోంది మన పిట్ట. పంతొమ్మిదేళ్ల నుంచి రెప్ప వేయలేదు. అంతేనా బాబాయ్?"

నేను తల ఊపాను.

అరుపులు, ఈలలు, డ్రమ్ము. నన్ను నలుగురు పైకి ఎత్తారు. ఆ ఎత్తు నుంచి రోడ్డు అవతలి వైపు కనబడింది. బస్సు వచ్చి ఆగింది, కదిలింది. అక్కడ ఎవరూ లేరు.

ఆ రోజు పిట్ట రెండు గోల్సుతో గెలిచింది. నేను ఆట చూడలేదు.

నెల రోజులకు ఫోను చేసింది.

"తిన్నావా నాన్నా?"

"తిన్నాను."

"స్టెన్సిల్ చూశావా?"

"చూశాను."

"వెలుతురుకు పెట్టి?"

"చూశానన్నానుగా."

"అమ్మ చెప్పింది నాకు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు. నవ్వుతూనే చెప్పింది. నీకు మాత్రం చెప్పొద్దంది."

"ఎందుకట?"

"అప్పుడు నువ్వు నిచ్చెన మీద ఉన్నావట. అంతమంది పెద్దల ముందు జవాబు చెప్పేశావట. అంత పైకి ఎక్కినవాణ్ణి నేనెందుకు దించడం అంది. కొన్నాళ్లకి తనకీ అలాగే అలవాటైపోయిందట. నేను ఊరుకోలేకపోయాను. పేరైనా వేయిద్దామనుకున్నాను. ఎందుకు తిప్పామో చెప్పకుండానే పని అయిపోతుందనుకున్నాను."

"ఇంకేమైనా ఉందా?"

"లేదు."

"అయితే పెట్టెయ్."

తను పెట్టలేదు. నేనూ పెట్టలేదు. అక్కడ అచ్చు మిషను తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది. ఒక్కో కాగితం పడుతున్నట్టు, టక్కు, టక్కు. ఎంతసేపు విన్నానో తెలియదు. చివరికి ఎవరో తనను పిలిచారు.

ఆ తర్వాత రెండుసార్లు ఆ సంగతి ఎత్తబోయింది. రెండుసార్లూ ఫోను పెట్టేశాను. అడక్కుండా ఇచ్చింది, అది తప్పే. వాళ్లమ్మ చెప్పకుండా పోయింది, అది ఇంకా పెద్ద తప్పు. నా తప్పు ఏమిటో నాకు తెలుసు, ఒకరు చెప్పక్కర్లేదు. ఇక్కడ రాశాను. రాసింది మాట్లాడటం కిందికి రాదు. గోడ ముందు నన్ను ఆపి అడిగేవాళ్లకు గానీ, సెక్రటరీకి గానీ, కన్నకూతురికి గానీ, ఆ పిట్ట గురించి ఇక నా నోట ఒక్క మాట రాదు.